పాత మోటారు సైకిళ్ల పూత వివాదము: పౌడరా, పెయింటా?

విప్పిన పాత మోటారు సైకిలును తిరిగి కూర్చుటకు ముందు దాని ఇనుమునకు ఏ పూత పూయింపవలెనను ప్రశ్న హైదరాబాదు పాతబస్తీ వర్క్‌షాపులలో చాలకాలముగా నానుచున్నది. ఇంజను విషయమున ఇంతటి వివాదము లేదు. సిలిండరు అరిగినచో బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయింతురు. విడిభాగము కావలసినచో పుత్లీబౌలి దుకాణములు గాలింతురు. అచ్చట దొరకనిచో జుమ్మెరాత్ బజారు తుక్కులో వెదకుదురు. ఎచ్చటను దొరకనిచో లేతు మిస్త్రీని ఆశ్రయింతురు. పూత దగ్గరకు వచ్చుసరికి మాత్రము, ఇద్దరును బుల్లెట్టు ప్రియులే యైనను, ఇద్దరును ఏండ్ల తరబడి బండ్లు బాగుచేయించుచున్నవారే యైనను, ఒకరి మాట ఒకరు చెవిని పెట్టరు. పౌడర్ కోటింగు చేయించినచో ఇరువదియేండ్లు చాసిస్సు వంక చూడనక్కరలేదని ఒకరందురు. పౌడరు పూసినది బండి కాదు, కిటికీ గ్రిల్లని రెండవవారందురు.

ఇరుపక్షములవారును ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నామని భ్రమించుటయే ఈ వివాదము చిక్కుపడుటకు మూలము. నిజమునకు ఒకరు మన్నికను గూర్చియు, ఒకరు మౌలికతను గూర్చియు, మరియొకరు రాబోవు మరమ్మతును గూర్చియు మాటలాడుచున్నారు. ఈ మూడింటిని విడదీసి చూచినగాని ఏ పక్షమున ఎంత సత్యమున్నదో తేలదు. ఈ మూడింటిలో కడపటిదియే, అనగా నేడు వేసిన పూతను రేపు మరియొకడు హాని లేకుండ తీసివేయగలడా యనునదే, ప్రధానమని ఈ సమీక్షకుని అభిప్రాయము. వాద ప్రతివాదములలో అతి తక్కువగా వినవచ్చునది కూడ అదియే.

నాటి కర్మాగారములలో ఏమి పూసిరి?

మౌలికతను గూర్చిన వాదమంతయు, ఆ బండి కర్మాగారము వెడలినాడు దాని ఇనుముపై ఏమి ఉండెనను విషయముపై ఆధారపడియున్నది గనుక, మొదట దానిని తెలిసికొనుట యుక్తము. పందొమ్మిదవ శతాబ్ది చివర సైకిలు చాసిస్సులకు వాడిన నల్లని జపాను పూతయే తొలి మోటారు సైకిళ్లకును సంక్రమించినది. ఖనిజరూపమున దొరకు తారు జాతి పదార్థమును నూనెతోను టర్పెంటైనుతోను కలిపి, చాసిస్సును అందు ముంచి తీసి, వేడి గదిలో కాల్చుట దాని పద్ధతి. పిమ్మట వచ్చిన స్టవ్ ఎనామెలు కూడ ఇదే త్రోవను నడచి, కృత్రిమ రెజిన్లతో మెరుగుపడి, సుమారు 120 నుండి 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపడు పూతగా స్థిరపడినది. మన మిస్త్రీలు భట్టీ పెయింటని పిలుచునది ఈ సంతతిదే.

రంగుల చరిత్రలో రెండవ ఘట్టము నైట్రో సెల్యులోజు లాకరుది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో పూతను 1924 నాటి ఓక్లాండు కార్లకు వాడినప్పుడు, అంతవరకు రోజులు, వారములు పట్టిన ఆరుదల గంటలలోనికి దిగినది. గన్నుతో కొట్టి, ఎమరీ కాగితముతో నీరు పోసి రుద్ది, పాలిషు పెట్టు నేటి మన పెయింటరు విద్యయంతయు ఆ లాకరు నేర్పినదే. అట్లు చాసిస్సునకు కాల్చిన నలుపును, ట్యాంకునకును మడ్గార్డులకును సొగసైన రంగును, ఆ రంగుపై కుంచెతో లాగిన సన్నని బంగారు గీతయును కలిసి మోటారు సైకిలు రూపము నిర్ణయమైనది. కాల్చిన పూత నలుపు చాసిస్సునకే పరిమితము కాలేదు. 1948లో వెలువడిన విన్సెంట్ బ్లాక్ షాడో ఇంజను అల్యూమినియపు కేసులపైనను నల్లని ఎనామెలు కాల్చి ఎక్కించిరి.

యుద్ధకాలపు బండ్ల సంగతి వేరు. రెండవ ప్రపంచ యుద్ధమునకై బీఎస్‌ఏ కర్మాగారము 1,26,000కు పైగా ఎమ్20 బండ్లు నిర్మించినది. వానికి మెరుపుతో పని లేదు, శత్రువు కంటబడకుండుటయే పని. మెరుపులేని ఖాకీ, అది పోయినచోట పటాలములోనే కుంచెతో పూసిన మరియొక పొర, ఇదియే వాని యథార్థ స్వరూపము. నేడు అట్టి బండికి అద్దమువలె మెరయు ఆకుపచ్చ వేయించి మౌలికమని చూపువారు పౌడరు వాడినను పెయింటు వాడినను తప్పిదము ఒక్కటే.

స్వదేశీ బండ్లకు వత్తము. 1955లో మద్రాసునందు వెలసిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్టు, 1961 నుండి మైసూరున తయారైన ఐడియల్ జావా, పోలండు దేశపు నమూనానుండి పుట్టిన ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, 1980లలో వచ్చిన రాజ్‌దూత్ 350, ఇవియే మన నగరమున పునరుద్ధరణకు వచ్చు బండ్లలో అధికభాగము. వీనిలో జావా ట్యాంకు పరీక్షవంటిది. దాని ప్రక్కలు క్రోమియము, మిగిలిన భాగము ముదురు మెరూను, రెంటి సరిహద్దున సన్నని గీత. క్రోమియము మీదికి పాకిన రంగు అంచు ఎంత పలుచగా, ఎంత సూటిగా ఉన్నదో చూచియే తెలిసినవారు పనివాని విలువ కట్టుదురు.

ఈ చరిత్రనుండి తేలునది ఇరుపక్షములకును ఇబ్బందికరమైన సత్యము. నాటి చాసిస్సుపై ఉండినది భట్టీలో కాలిన పూతయే గాని గాలికి ఆరిన పెయింటు కాదు. పౌడరును నిరసించువారు దాని స్థానమున వేయించు రెండుపాళ్ల పాలీయురేథేను, అనగా షాపులలో పీయూ అనునది, 1955 నాటి బుల్లెట్టు ఎరుగని వస్తువు. పౌడరు కూడ ఆ బండి ఎరుగనిదే. కావున మౌలికత పేరిట జరుగు వాదములో నిజమైన మౌలిక ద్రవ్యము ఏ పక్షము చేతిలోను లేదు. పోలిక ఎవరిది దగ్గర యనునదే మిగిలిన ప్రశ్న.

పౌడరు పుట్టుక, పనితీరు

పొడి రూపమున పూత పూయు ఆలోచనకు అమెరికాలో డేనియల్ గస్టిన్ 1945లో పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1950ల తొలినాళ్లలో జర్మనీయందు ఎర్విన్ గెమ్మర్, వేడిచేసిన లోహవస్తువును గాలిచే తేలియాడు పొడిలో ముంచు పద్ధతిని కనుగొనెను. 1960లలో పొడికి విద్యుదావేశమిచ్చి గన్నుతో చిమ్ము విధానము వచ్చిన పిమ్మటనే అది పరిశ్రమలలో వ్యాపించినది. మన దేశమున అది మొదట ఉక్కు బీరువాలకును, కిటికీలకును, గృహోపకరణములకును ఉపకరించి, అచ్చటనుండి బండ్ల చాసిస్సులకు పాకినది. కాటేదాన్, బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలలో ఈ పని చేయు భట్టీలకు గ్రిల్లులు, అల్మారాలు నిత్యభోజనము; పాత బండి చాసిస్సు అప్పుడప్పుడు వచ్చు అతిథి. ఈ భేదమును మరువరాదు, ఏలయన వివాదములో సగము ఇచ్చటనే ఉన్నది.

పనిని కొంచెము దగ్గరనుండి చూతము. చాసిస్సును ముందుగా బ్లాస్టింగు చేసి పాత పూతను, తుప్పును ఊడ్చివేయుదురు. పిమ్మట షాపులు గర్వముగా ప్రకటించుకొను సెవెన్ ట్యాంక్ ప్రక్రియ మొదలగును. జిడ్డు తీయు తొట్టి, కడుగు తొట్టి, ఆమ్లముతో తుప్పు తీయు తొట్టి, మరల కడుగుట, ఫాస్ఫేటు తొట్టి, మరల కడుగుట, తుదకు పాసివేషను. ఆరిన చాసిస్సును కొక్కెమునకు వ్రేలాడదీసి భూసంబంధము కల్పించి, 60 నుండి 100 కిలోవోల్టుల ఆవేశముగల గన్నుతో పొడి చిమ్ముదురు. ఆవేశమొందిన పొడి లోహమును పట్టుకొనును. దానిని భట్టీలో పెట్టి, లోహము 180 నుండి 200 డిగ్రీలకు చేరిన తరువాత పది పదునైదు నిమిషములు ఉంచగా, పొడి కరగి, పారి, రసాయనికముగా ముడిపడి 60 నుండి 100 మైక్రానుల మందముగల పొరగా మారును.

చెప్పినంత సులువుగా జరుగదు. వాడి వాడి పొరలు పేరుకొన్న కొక్కెము భూసంబంధమును త్రెంచివేయును, అప్పుడు పొడి మొక్కుబడిగా అంటుకొనును. హ్యాండిలు మెడ దగ్గర గొట్టములు కలియు మూలలలోనికి, సీటు క్రింది ఇరుకు కోణములలోనికి విద్యుత్ క్షేత్రము చొరదు గనుక పొడియు చొరదు. అనుభవము లేని పనివాడు వోల్టేజి పెంచి పరిస్థితిని ఇంకను చెడగొట్టును, తెలిసినవాడు తగ్గించి, గన్ను కోణము మార్చి, ఆ మూలలను ముందు పూసికొనును. తుప్పు మొదలగు స్థానములు కూడ ఆ మూలలే యగుట గమనార్హము. ఆమ్లపు తొట్టిలో మునిగిన చాసిస్సు గొట్టముల లోపల ఆమ్లము చిక్కి, సరిగా కడుగనిచో, బయట నిగనిగలాడు పూత క్రిందనే లోపలినుండి ఇనుమును తినివేయును. ఈ దోషము పౌడరుది కాదు, తొట్టిది. దాని ఫలము యజమానికి మూడు నాలుగేండ్లకు గాని కానరాదు.

పౌడరు పక్షము వాదన

ఈ పక్షమువారి ప్రధానబలము దృఢత్వము. ముందు చక్రము విసరు కంకరరాళ్లకు చాసిస్సు క్రింది గొట్టమును, స్టాండును, బ్యాటరీ ట్రేను కాపాడుటలో ఒకే పొర పౌడరు సామాన్యపు పెయింటును మించునది నిజమే. పాతబస్తీ సందులలో దీనికి తోడు రెండు స్థానిక కారణములు చేరుచున్నవి. మొదటిది దుమ్ము. తడిపెయింటు ఆరులోపల వీధి ధూళి దానిపై వ్రాలును, పౌడరు పూసిన వస్తువు నేరుగా భట్టీలోనికి పోవును. రెండవది వాన. జూను నుండి సెప్టెంబరు వరకు గాలిలో తేమ హెచ్చినప్పుడు నైట్రో సెల్యులోజు లాకరు ఆరుచు తెల్లబారుట పెయింటర్లందరికిని తెలిసిన బాధ.

వీనికంటె బలమైన వాదము మరియొకటి కలదు. దానిని పౌడరు పక్షమువారు కూడ చాలినంతగా వినిపింపరు. అది పెయింటరు ఆరోగ్యమును గూర్చినది. పౌడరులో ద్రావకములు లేవు. క్రింద పడిన పొడిని తిరిగి వాడుకొనవచ్చును. పీయూ పెయింటు గట్టిపడుటకు కలుపు ద్రవములో ఐసోసయనేట్లు ఉండును, అవి ఊపిరితిత్తులలో చేరి ఆస్తమా కలిగించునవి. బయటినుండి స్వచ్ఛమైన గాలి అందించు ముసుగు లేకుండ, ముక్కునకు చేతిరుమాలు చుట్టుకొని సందులోనే గన్ను పట్టువారు ఎందరో ఉన్నారు. బండి అందమును గూర్చి ఇంత తర్కించు మనము ఆ రుమాలును గూర్చి ఏల మాటలాడము?

ఐనను ఈ పక్షము ఒక విషయమును దాటవేయును. పౌడరు అనునది ఒకే వస్తువు కాదు. ఇంటిలోపలి బీరువాలకు వాడు ఎపాక్సీ రకము తుప్పును బాగుగా అడ్డగించునే గాని ఎండకు సుద్దవలె పాలిపోవును; ఎపాక్సీ పాలియెస్టరు మిశ్రమము ఇంచుక మేలు; ఆరుబయట తిరుగు బండికి తగినది శుద్ధ పాలియెస్టరు రకము. షాపులో నల్లపొడి అని అడిగినచో ఆ దినము గన్నులో ఏది యున్నదో అదే దక్కును. పౌడరు రెండేండ్లకే వెలిసినదను ఫిర్యాదులలో కొన్నింటికి ఈ రకము మార్పే కారణము కావచ్చును.

పెయింటు పక్షము వాదన

పెయింటు పక్షమువారు సౌందర్యముతో ఆరంభింతురు. ఆరంభింపవలసినది అచ్చట కాకపోయినను, వారి మాటలో సారము కలదు. స్టవ్ ఎనామెలు పలుచని పూత. లగ్గుల అంచులు, పోతపోసిన గుర్తులు, గొట్టముల అతుకులు దాని క్రింద స్పష్టముగా కనబడును. మందమైన పౌడరు వానిని మెత్తబరచి, కొన్నిచోట్ల నారింజ తొక్కవంటి ఉపరితలము నిచ్చును. రంగు పోలికలోను పెయింటుదే పైచేయి. జావా మెరూనును పెయింటు దుకాణములో చిన్న డబ్బాకు సరిపడ కలిపించుకొనవచ్చును, పౌడరులో అట్లు కోరిన ఛాయను కొద్దిపాటి పరిమాణమున చేసి యిచ్చువారు అరుదు. బుల్లెట్టు ట్యాంకుపై చేతితో లాగిన గీతకు, ఆ గీతపై నిలువవలసిన క్లియరు పూతకు పెయింటు నేలవంటి ఆధారము.

వారి అసలు బలము వేడిని గూర్చిన వాదమున ఉన్నది. అరువదియేండ్ల ట్యాంకు ఎన్నిమారులు కారినదో, ఎందరు టంకము పెట్టిరో ఎవరెరుగుదురు? సీసము తగరము కలిసిన టంకము 183 డిగ్రీల వద్దనే కరగనారంభించును, పౌడరు భట్టీ వేడి దానికి సమానము లేదా అధికము. భట్టీనుండి వెలువడిన ట్యాంకున పాత అతుకు జారి, కొత్త రంధ్రము వెక్కిరించుట ఆశ్చర్యము కాదు. నొక్కులు పడిన మడ్గార్డులకు పుట్టీ తప్పదు. సాధారణ పుట్టీ ఆ వేడికి నిలువదు, పైగా విద్యుత్తును ప్రసరింపనందున దానిపై పొడి సరిగా పట్టదు. లోహపుపొడి కలిపిన ప్రత్యేకపు పుట్టీలు ఉన్నను మన గల్లీ పనులలో వాని వాడుక స్వల్పము. లగ్గులను కలిపిన ఇత్తడి అతుకులకు మాత్రము ఈ భయము లేదు, అవి కరగుటకు అంతకు ఎన్నో రెట్లు వేడి కావలెను. పాత అల్యూమినియపు పోతలలో చిక్కిన వాయువులు భట్టీలో వెలువడి పూతపై సూదిరంధ్రములు చేయుటయు, వేడిచికిత్సతో బలమొందిన కొన్ని మిశ్రలోహములు ఆ వేడికి మెత్తబడుటయు కలవు.

మందము కూడ చిన్న విషయము కాదు. హ్యాండిలు బేరింగు కప్పులు కూర్చుండు గూడు మిల్లీమీటరులో శతాంశముల లెక్కతో తీసినది. అందు 80 మైక్రానుల పౌడరు చేరినచో కప్పు సరిగా దిగదు, బలవంతముగ దింపినచో వంకరగా కూర్చుండును. ఇంజను బిగించు బోల్టుల క్రింద చేరిన పూత కాలక్రమమున నలిగి బోల్టు బిగువు సడలించును. 6 వోల్టుల పాత బండ్లలో చాసిస్సే విద్యుత్తు తిరుగుదారి గనుక, ఎర్తు బోల్టు క్రింద పూత గీకనిచో హెడ్‌లైటు గ్రుడ్డిదీపమగును. వేడికి ఆగు సిలికోను బిరడాలతోను, టేపుతోను ఈ స్థానములను మూయుట పౌడరు మిస్త్రీ బాధ్యత. గ్రిల్లుకు బేరింగు గూళ్లు లేవు గనుక చాలమందికి ఆ అలవాటు లేదు.

తుదకు తుప్పు. పెయింటు క్రింద తుప్పు పుట్టినచో బుడగ లేచి చెప్పును. పౌడరు ఒకచోట పగిలినచో తేమ ఆ పగులులో దూరి పొర క్రింద పాకును. పొర దృఢమగుటచే చాలకాలము బయటికి చక్కగానే కనబడును. పెయింటు గీతపడినచో గల్లీ పెయింటరే ఆ మేర రుద్ది కలిపివేయగలడు. పౌడరు గీతపడినచో డబ్బా రంగుతో మచ్చ కప్పుటయో, మొత్తము ఊడ్చి తిరిగి భట్టీకి పంపుటయో తప్ప మార్గము లేదు. ఊడ్చుటకు తీక్షణమైన రసాయనమో, మరల బ్లాస్టింగో కావలెను. ప్రతి బ్లాస్టింగు పాత ఇనుమును కొంత కొంత తీసికొనిపోవును.

ముట్టవద్దను మూడవ పక్షము

ఈ రెండు పక్షములను త్రోసిపుచ్చి, కర్మాగారపు పూత ఏ మాత్రము మిగిలియున్నను దానిని అట్లే శుభ్రపరచి నిలుపవలెననువారు ఇటీవల బలపడుచున్నారు. పురాతన వాహనముల అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ అధికారపత్రము వీరికి ఆధారము. కట్టడముల పరిరక్షణకై 1964లో వెలసిన వెనీసు అధికారపత్రపు బాటలోనే అది నడచి, పరిరక్షణకు పునరుద్ధరణకంటె అధిక ప్రాధాన్యమిచ్చి, నాటి ద్రవ్యములను, నాటి పనితీరును ఆదరించి, అనివార్యమైన మార్పు వెనుకకు తీసికొన వీలగునదిగా ఉండవలెనని కోరుచున్నది.

హైదరాబాదువారికి ఈ సూత్రము కొత్త కాదు. కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013 నుండి ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో, ఇరువదవ శతాబ్దిలో పూసిన సిమెంటును ఒలిచి మరల సున్నపు గారను వేసిరి. ఆ సిమెంటు వేసినవారు కూడ గట్టిదనము కొరకే వేసిరి. గట్టి పూత తన క్రింది మెత్తని కట్టడమును ఊపిరాడనీయక చెరచుట ఆలస్యముగా తెలిసివచ్చినది. ఇనుము రాయి కాదు, ఆ న్యాయము యథాతథముగా ఇచ్చట చెల్లదు. కాని దృఢత్వమొక్కటే ప్రమాణముగా కొన్న పూతను తరువాతి తరము ఒలువవలసి వచ్చుట అందలి పాఠము, అది చెల్లును.

ఈ పక్షమునకును పరిమితి కలదు. చౌమహల్లా ప్రాంగణమున నిలిచియున్న నిజాముల రోల్స్ రాయిస్ సింహాసన వాహనము వర్షములో మలక్‌పేట వంతెన క్రింద నీటిలో దిగనక్కరలేదు. బుల్లెట్టుకు ఆ భాగ్యము లేదు. నిత్యము తిరుగు బండికి మిగిలిన పావువంతు పాత పూతను అట్లే ఉంచుమనుట తుప్పునకు స్వాగతము పలుకుటయే.

భాగమును బట్టి తీర్పు

ఇంతవరకు వచ్చిన వాదములను త్రాసులో వేయగా, బండికంతకు ఒకే పూత యను పట్టుదలయే పొరపాటని తేలుచున్నది. సెంటరు స్టాండు, సైడు స్టాండు, బ్యాటరీ ట్రే, చెయిను కవచపు బ్రాకెట్లు వంటి కష్టజీవులకు పాలియెస్టరు పౌడరు తగును, ఇవి చెడినను మార్పిడి దొరకును. ట్యాంకు, మడ్గార్డులు, టూలుబాక్సు, హెడ్‌లైటు గిన్నె, ముందు ఫోర్కు కవచములు పెయింటువే. ఇచ్చట సందేహమునకు తావు లేదు. ఇనుప సిలిండరు బ్యారెలునకు సామాన్యపు పౌడరును పీయూను రెండును పనికిరావు, వేడికి నిలుచు ప్రత్యేకపు నలుపే వలయును. చక్రపు హబ్బులు, అల్యూమినియపు కేసులు పూత లేకుండ పాలిషుతో ఉండుటయే వాని సహజస్థితి, విన్సెంటు వంటి అపవాదములు మన వీధులలో తరచు తటస్థపడవు.

చాసిస్సు ఒక్కటియే నిజమైన వివాదభూమి. అరుదైన బండియై, నంబర్లు సరిపోలి, మరల విప్పబడు అవకాశమున్నదైనచో, ఎపాక్సీ ప్రైమరుపై రెండుపాళ్ల నలుపు మేలు. భట్టీ పెయింటు చేయువాడు దొరికినచో అది ఇంకను మేలు, ఏలయన రూపమునకు దగ్గర, తీయుటకు సులువు. నిత్యము ఆఫీసునకు పోవు 1980ల బుల్లెట్టైనచో, మూయవలసిన గూళ్లు మూసి, సరియైన పొడితో చేసిన పౌడరును ఆక్షేపింపజాలము. ఖర్చులో ఈ రెంటికిని గల తేడా పని ఎంత సవ్యముగా జరిగినదను దానిపై ఆధారపడును గాని పూత పేరుపై కాదు.

చట్టమును, పెన్సిలు ముద్రయును

2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమావళికి వచ్చిన సవరణతో ఈ వివాదమునకు కొత్త కోణము చేరినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మౌలికరూపమున కాపాడబడి, చాసిస్సున, బాడీ షెల్లున, ఇంజనున గణనీయమైన మార్పు లేని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను వింటేజి వాహనములుగా గుర్తించి, నంబరులో వీఏ అక్షరములు ఇచ్చుచున్నారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు, మరల రిజిస్ట్రేషను రుసుము 5,000. నిత్యపు రాకపోకలకు వానిని వాడరాదు. పూత పదార్థమును గూర్చి నియమము పెదవి విప్పదు. పౌడరు వేసిన చాసిస్సు మౌలికరూపము కోల్పోయినదని కచ్చితముగా అనుటకు అందు ఆధారము లేదు, కోల్పోలేదని అనుటకును లేదు.

పూత నేరుగా చట్టమును తాకుచోటు మరియొకటి. తనిఖీలో చాసిస్సు నంబరుపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయుట ఆర్‌టీఓ కార్యాలయముల ఆచారము. అరువదియేండ్ల తుప్పుతో అరిగి, బ్లాస్టింగు దెబ్బతో మరికొంత సన్నగిలిన అంకెలపై మందమైన పౌడరు పడినచో కాగితముపై వచ్చునది అంకె కాదు, మసక. 3 అంకె 8గా కనబడిన బండికి పత్రములు సరిచేయుట ఎంతటి తలనొప్పియో చెప్పనక్కరలేదు. పెయింటులోను ఈ ప్రమాదమున్నను పలుచనిదగుటచే తక్కువ. బ్లాస్టింగునకు ముందే ముద్ర తీసికొని దాచుటయు, నంబరు స్థానమును రెండు దశలలోను టేపుతో మూసి, పిమ్మట దానిపై పలుచని లాకరు మాత్రమే వేయించుటయు అందరికిని ఆచరణీయము.

తేలవలసినవి

కొన్ని ప్రశ్నలు ఇంకను మిగిలియున్నవి. జింకు కలిసిన పౌడరు ప్రైమరుపై పాలియెస్టరు పొర వేసినచో పగులు క్రింద తుప్పు పాకుట ఎంత తగ్గునో మన వేసవి, మన వానలలో పాత చాసిస్సులపై దీర్ఘకాలము పరిశీలించి తేల్చవలెను. చెక్కపలకలకై తయారైన తక్కువ వేడి పౌడర్లు, 150 డిగ్రీలలోపుననే గట్టిపడునవి, ఇనుమునకు కూడ సులభముగ లభించిననాడు టంకమును గూర్చిన అభ్యంతరము చాలవరకు వీగిపోవును. అప్పుడు పెయింటు పక్షము తన ముఖ్యమైన ఆయుధమును కోల్పోవును. ఏ నాటి రూపమునకు పునరుద్ధరింపవలెనను ప్రశ్న మరింత జటిలము. మద్రాసున నల్లగా పుట్టి, పోలీసు శాఖలో తెల్లబడి, వేలములో కొన్నవాని చేతిలో ఎరుపెక్కిన బుల్లెట్టుకు మౌలికవర్ణము ఏది? తొలిరంగే యనువారు కలరు, బండి చరిత్రలో భాగమైన ఏ రంగైనను మౌలికమే యనువారును కలరు. ఆర్‌సీలో నమోదైన రంగు మూడవ సాక్షి.

ఈ తర్కములన్నింటికంటె వేగముగా ఒక విషయము మాత్రము తేలిపోవుచున్నది. కుంచెతో ట్యాంకు గీత లాగు చేతులు, చాసిస్సు నిలువునా పట్టు పాత భట్టీలు తరిగిపోవుచున్నవి. వానికి పని లేక మూతబడిన పిమ్మట పెయింటా పౌడరా యను ఎంపికయే ఉండదు.

కావున చాసిస్సును షాపునకు అప్పగించు పాఠకులు ఈ నాలుగు సంగతులు కాగితముపై వ్రాయించుకొనుట మంచిది: వాడు పొడి ఎపాక్సీయా, పాలియెస్టరా, ఏ గూళ్లు, ఏ మరలు మూయుదురు, ఆమ్లపు తొట్టి తరువాత గొట్టముల లోపలిభాగమును ఎట్లు కడిగి ఆరబెట్టుదురు, చాసిస్సు నంబరును ఎట్లు కాపాడుదురు. పెయింటు వేయించువారు రంగు కలిపిన పాళ్లను బండి పత్రములతో పాటు భద్రపరచవలెను. ట్యాంకును మాత్రము ఏ షాపువారు ఎంత నచ్చజెప్పినను భట్టీకి పంపకుడు.